చెట్టెక్కే వెన్ను

ఒక్క అబద్ధంతో తీరిపోయే పనికి బొమ్మగాని ఓదెలు నిజం చెప్పి కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది మాటవరసకే. తాటిచెట్టు మీంచి పడ్డ ఈ రెండేళ్లలో అతను పది నిమిషాలకు మించి కూర్చున్నది లేదు. చక్రాల కుర్చీలో ఓ పక్కకు ఒరిగి, రెండు చేతులూ కుర్చీకి ఆనించి, నడుం బరువంతా భుజాలతో మోసుకుంటూ ఉంటాడు. అలాంటి మనిషి హనుమకొండలోని వెన్ను ప్రయోగశాలకు వచ్చి, నోటిదాకా వచ్చిన ముద్దను తన చేత్తోనే తోసేసుకున్నాడు.

అడిగింది ఇందుమతి. ఆ ప్రయోగశాలకు ఆవిడే పెద్ద. ఆపరేషన్ అయ్యాక ఏం పని చేస్తారు అన్నది కాగితంలో చివరి ప్రశ్న. పక్కనున్న నర్సు అప్పటికే ఓదెలు చెవిలో ఊదింది, కిరాణా దుకాణం అని చెప్పన్నా, అందరూ అదే చెప్తరని. ఓదెలు నర్సు వైపు ఒకసారి, ఇందుమతి వైపు ఒకసారి చూశాడు.

“చెట్టెక్కుత,” అన్నాడు. “మా నాయిన ఎక్కిండు. నేనెక్కిన, పడ్డ. మళ్ల ఎక్కుత. రాసుకో మేడం.”

కుర్చీ వెనక నిలబడ్డ భార్య స్వరూప నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడొకటి చేసింది. ఇందుమతి రాసుకుంది. ఉన్నదున్నట్టు రాయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఇందుమతి డాక్టరు కాదు. ఒకప్పుడు వంతెనలు ఎన్నేళ్లు నిలబడతాయో లెక్కగట్టే ఇంజనీరు. వంతెనకు చేసే లెక్క మనిషి వెన్నుకు ఎందుకు చేయకూడదని పంతం పట్టి, తొమ్మిదేళ్ల కిందట కంప్యూటరులో ‘జంట’ను పుట్టించింది. రోగి వెన్నును స్కానింగు తీసి, ఆ బొమ్మను మూడు లక్షల చిన్న గళ్లుగా కోస్తారు. ఎముక ఎక్కడ గట్టి, ఎక్కడ గుల్ల, ఏ పూస ఎంత ఒరిగింది, అన్నీ ఆ గళ్లలోకి ఎక్కుతాయి. అంతవరకు లోకంలో చాలామంది చేశారు. ఇందుమతి ఆ బొమ్మకు బతకడం నేర్పింది. జంట ఎముక అతుకుతుంది, అరుగుతుంది, ముసలిదవుతుంది. మనిషి రేపు చేయబోయే పనులన్నీ జంట ఇవాళే చేసేస్తుంది. విరిగిన పూసలను ఒకటిగా అతికించడానికి వాడే స్క్రూలు, రాడ్లు, మధ్యలో పెట్టే టైటానియం ముక్క, అన్నీ ముందు జంటలో బిగిస్తారు. దానిచేత పదేళ్ల బతుకు బతికించి, ఎక్కడా విరగకపోతేనే మనిషి ఒంట్లో బిగిస్తారు. ఆ పదేళ్లూ గంటలో గడిచిపోతాయి.

తొమ్మిదేళ్లలో జంట ఒక్కసారీ తప్పలేదు. అందుకే ప్రభుత్వ ఆరోగ్య బోర్డు దాన్ని చట్టం చేసి కూర్చోబెట్టింది. జంట పదేళ్లు నిలబడకపోతే ఆపరేషన్ లేదు, ఎవరు చెప్పినా సరే. ఆ మాట విన్నప్పుడల్లా ఇందుమతికి లోపల గర్వంగానే ఉండేది. ఎందుకుండకూడదు, కన్నబిడ్డ కలెక్టరయినట్టే కదా.

మామూలుగా రోగులను బయట కూర్చోబెడతారు. ఓదెలు మాత్రం తన జంటను తనే చూస్తానని మొండికేశాడు. తెర మీద తెల్లటి వెన్నెముక లేచింది, నిలబడింది, నడిచింది. ఇందుమతి పనుల పట్టికలో ‘ఎక్కడం’ అన్నది నొక్కింది. రోజుకు మూడు పూటలు, పూటకు పదిహేను చెట్లు. జంట ఎక్కుతోంది, దిగుతోంది, ఎక్కుతోంది. మూడేళ్ల రెండు నెలల దగ్గర పై స్క్రూలు రెండూ పూసను చీల్చుకుని ఊడివచ్చాయి. తెర ఎర్రబడింది.

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలు మాత్రం తెరకేసి కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

“అది ఎక్కుతున్నది తాటిచెట్టేనా మేడం?” అన్నాడు. “గోడ దుంకే దొంగోని లెక్క ఎగబాకుతున్నది. గౌడోల్లు గట్ల ఎక్కరు.”

ఇందుమతికి ఒళ్లు మండింది. మండటానికి కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఎవరో ‘ఎక్కడం’ కూడా పట్టికలో ఉండాలంటే, ప్రయోగశాల వాకిట్లో ఇనుప స్తంభం పాతించి, ఊళ్లో జిమ్ నడిపే ఒక కోచ్‌ను పిలిపించి, అతని ఒంటికి సెన్సర్లు కట్టి ఎక్కించారు. అతను కండలు చూపిస్తూ ఎక్కాడు. అదే జంటకు తెలిసిన ఎక్కడం. ఈ సంగతి ఆమె ఓదెలుకు చెప్పలేదు. ఇంకేదైనా పని రాసుకోమని, రేపే ఆపరేషన్‌కు తేదీ ఇప్పిస్తానని మాత్రం చెప్పింది. ఓదెలు తల అడ్డంగా ఊపాడు.

“అబద్ధం చెప్పి స్క్రూలు ఏపిచ్చుకుంటె, రేపు నొప్పి లేస్తె ఎవ్వలకు చెప్పుకోవాలె? చెట్టు మీద నొప్పి లేసింది అని నోరు తెరిచి చెప్పరాదు గద. వద్దు.”

కుర్చీ తోసుకుంటూ వెళ్లబోయిన స్వరూప గుమ్మం దగ్గర ఆగి, పొద్దున ఒకసారి తమ ఊరు ఈతలకుంట వచ్చి చూడమంది. ఏం చూడాలని ఇందుమతి అడిగింది. చెట్టెక్కుడు చూడాలని, ఈ రెండేళ్ల నుంచి తమ చెట్లు ఎక్కుతున్నది తనేనని స్వరూప చెప్పి వెళ్లిపోయింది.

* * *

ఓదెలు పడ్డ ఇరవయ్యో రోజున స్వరూప మొదటిసారి చెట్టెక్కింది. తాటిచెట్టు పాడిగేదె వంటిది, పూట తప్పితే ఎండిపోతుంది. గీయకుండా వదిలేస్తే కల్లుగీత సంఘం ఆ చెట్లను ఇంకొకరికి రాసిస్తుంది. ఆడమనిషి చెట్టెక్కుడేందని నలుగురు పెద్దలు వాకిట్లోకి వచ్చి అడిగారు. ఎక్కింది ఆడో మగో చెట్టుకు తెల్వదు, మీకెందుకని స్వరూప అడిగింది. పెద్దలు కల్లు తాగి వెళ్లిపోయారు.

ఇందుమతి పొద్దున్నే సెన్సర్ల పెట్టెతో తాళ్లవనంలో దిగింది. స్వరూప వీపు మీద, తుంటి మీద, మోకాళ్ల మీద అవి అతికించింది. స్వరూప చీర గోచీ బిగించి, మోకు చెట్టు చుట్టూ తిప్పి తన నడుం వెనకగా వేసుకుంది. మోకు అంటే అరచేతి మందాన పేనిన తాడు, చెట్టునూ మనిషినీ కలిపి కట్టేది. పాదాలకు ఇంకో చిన్న తాడు. అంతే, ఎక్కడం మొదలుపెట్టింది.

ఇందుమతి మెడ పైకెత్తి చూసింది, మళ్లీ చేతిలో సెన్సర్ల అంకెలు చూపే పలక చూసింది, మళ్లీ పైకి చూసింది. స్వరూప చేతులతో లాక్కోవడం లేదు. పాదాలు చెట్టును తన్నుతున్నాయి, మోకు ఒక్కో మూర పైకి జరుగుతోంది, బరువంతా తుంటి ఎముక కింద మోకు మీదే వాలుతోంది. ఎక్కేటప్పుడు నడుము మీద పడే బరువు, బియ్యం బస్తా దింపేటప్పుడు పడేంత కూడా లేదు. అసలు కథంతా పైకి చేరాక ఉంది. మట్టల కింద ఆమె మోకులో వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి, వెన్ను ముందుకు వంచి, కత్తితో గెల గీయడం మొదలుపెట్టింది. ఒక్కో చెట్టు మీద అయిదు నిమిషాలు అలాగే వంగి ఉంటుంది. స్క్రూలను లాగేది ఎక్కడం కాదు, ఆ వంగడం.

తాడెక్కేవాణ్ని ఎంతవరకు ఎగదోయగలం అని సామెత. ఎగదోయడం మాట దేవుడెరుగు, ఎలా ఎక్కుతాడో కింద నిలబడి చూడటానికి ఇందుమతికి తొమ్మిదేళ్లు పట్టింది. సిగ్గేసింది ఆమెకు.

పక్క చెట్టు మీద మట్టలు గలగలమన్నాయి. ఒక మనిషి గబగబా మట్టల చాటుకు జరుగుతున్నాడు. తాటిచెట్టు మీద దాక్కోవడం ఎవరివల్లా కాదు. ఇందుమతి అతన్ని గుర్తుపట్టింది. తాడూరి సమ్మయ్య, అయిదేళ్ల కిందట ఆపరేషన్ అయినవాడు, అతని కాగితం నింపింది ఇందుమతే. ఏం పని అంటే కిరాణా దుకాణం అన్నాడు. కిందికి దిగి, నడుం కొంచెం ముందుకు వంచి నడుస్తూ, తప్పు చేసిన పిల్లాడిలా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“నీ దుకాణం ఏది సమ్మయ్యా?” అని అడిగింది.

సమ్మయ్య చూపుడువేలు పైకి చూపించాడు. “గదే మేడం.”

స్వరూప పైనుంచి పకపకా నవ్వింది. సమ్మయ్య నవ్వలేదు. బోర్డుకు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. కాగితం మీద అబద్ధం రాసినవాడికి ఆ తర్వాత వైద్యం ఉండదు, స్క్రూ వదులైనా ముట్టుకోరు. అది కూడా చట్టమే. చెప్పనని ఇందుమతి మాటిచ్చింది. ఇచ్చాక గాని ఆమెకు అసలు ప్రశ్న తట్టలేదు. ఇతను అయిదేళ్లుగా చెట్టెక్కుతుంటే, మూడేళ్లకే ఊడిపోవాల్సిన స్క్రూలు ఇంకా ఎందుకు ఊడలేదు?

* * *

బిగించిన ప్రతి రాడ్డుకూ వడ్లగింజంత గేజీ ఒకటి అతికిస్తారు. ఏడాదికోసారి రోగి వస్తే, వీపు మీద ఒక పరికరం ఆనించి, రాడ్డు మీద ఎంత బరువు పడిందో ఆ గేజీ నుంచి చదువుతారు. ఇందుమతి సమ్మయ్య దస్త్రం తెరిచింది. అయిదేళ్ల చదువులూ ఉన్నాయి. వాటి మీద అడ్డంగా ఒక గీత, కింద ఒక మాట: గేజీ లోపం.

ఆ మాట రాసింది కంప్యూటరు. అలా రాయమని దానికి చెప్పింది ఇందుమతి. గేజీ చెప్పే బరువు జంట చెప్పే బరువుకు మూడు రెట్లు దాటితే గేజీ చెడిపోయినట్టే లెక్క అని, మొదటి ఏడాదే తన చేత్తో ఒక నియమం రాసిపెట్టింది. కిరాణా దుకాణంలో కూర్చునేవాడి వెన్ను మీద అంత బరువు ఎందుకు పడుతుంది మరి? జంటకూ మనిషికీ పేచీ వచ్చిన ప్రతిసారీ జంటనే గెలిపించి, మనిషి ఒంట్లోంచి వచ్చిన మాటను చెత్తబుట్టలో వేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లెక్క కుదరకపోతే గేజీ చెడిందంది.

కిరాణా దుకాణం అని రాసినవాళ్లను వెతికితే రెండువందల పన్నెండు మంది తేలారు. ఆ చుట్టుపక్కల నిజంగా అన్ని దుకాణాలుంటే అమ్మేవాళ్లే గాని కొనేవాడు మిగలడు. వాళ్లలో గేజీ లోపం అని గీత పడ్డవాళ్లు పదముగ్గురు. సమ్మయ్యను అడిగితే పదముగ్గురి పేర్లకూ అవునన్నాడు, అందరూ ఎక్కుతున్నారని. ఇంకో జాబితా కూడా ఉంది. జంట విరిగిందని ఇంటికి పంపేసినవాళ్లు మూడువందల పైచిలుకు. వాళ్లెవరి ఒంట్లోనూ స్క్రూ లేదు, గేజీ లేదు, కాబట్టి జంట చెప్పింది తప్పు అని తేలే దారీ లేదు. తొమ్మిదేళ్ల గర్వమంతా ఆ జాబితా మీద నిలబడి ఉందని తెలిసి ఇందుమతి దాన్ని మొదటి పేరు నుంచి మళ్లీ చదివింది.

మర్నాడు ఆపరేషన్లు చేసే డాక్టర్ మొహియుద్దీన్‌ను పిలిచి, పదముగ్గురి ఎక్స్‌రేలూ గోడకు వరసగా పెట్టింది. తొమ్మిదింట్లో స్క్రూలు గట్టిగా ఉన్నాయి. నాలుగింట్లో వదులయ్యాయి, గేజీ లోపం ఖాతాలో పడటంతో అవి ఇన్నాళ్లూ ఎవరి లెక్కలోకీ రాలేదు. మొహియుద్దీన్ ఒక్కో ఎక్స్‌రే దగ్గర ఆగుతూ అటూ ఇటూ తిరిగాడు. చేయి తిరిగిన వైద్యుడు, నోరు తక్కువ.

“ఈ నాలుగు నేను చేసినవాటిల్లో బెస్టు మేడం,” అన్నాడు చివరికి. “స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నయి. ఆ తొమ్మిదీ చూడండి, ముందుకు పదీ పన్నెండు డిగ్రీలు వంగి అతుక్కున్నయి. ఆ రోజు మీ జంట వీటికి తక్కువ మార్కులేసింది. నేను గూడ నా చేతి తప్పే అనుకున్న.”

అప్పుడు తెలిసింది ఇద్దరికీ. నిటారుగా అతికించిన వెన్ను చెట్టు మీద వంగాలంటే, అతికిన చోటు వంగదు కాబట్టి దాని పైన ఉన్న స్క్రూలు పూసను చీల్చుకోవాలి. ముందే కాస్త వంచి అతికిస్తే, చెట్టు మీద అది కొత్తగా వంగాల్సిన పనే లేదు. ఇందుమతి స్వరూప ఎక్కడాన్ని జంటకు నేర్పింది. జిమ్ కోచ్‌ను తీసి అవతల పారేసింది. ఓదెలు జంటను నిటారుగా బిగిస్తే నాలుగేళ్లు నిండకుండానే విరిగింది. పన్నెండు డిగ్రీలు వంచి బిగిస్తే పదేళ్లు దాటింది, పన్నెండో ఏట కూడా ఎక్కుతూనే ఉంది.

* * *

ఈ సంగతి చెప్పడానికి ఆమే ఈతలకుంట వెళ్లింది. ఓదెలు పరుపు మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. స్వరూప బీరకాయలు చెక్కు తీస్తోంది. ఇందుమతి ఏదీ దాచలేదు. వంచి అతికిస్తే చెట్టెక్కవచ్చు. కాని నేల మీద బతుకంతా వంగే నడవాలి. ఎదుటివాడి మొహం చూడాలంటే మోకాళ్లు కొంచెం మడవాలి. దూరం నడిస్తే తొడలు పట్టేస్తాయి. వెల్లకిలా పడుకోవడం ఇక ఉండదు. నిటారుగా అతికిస్తే మనిషి అందంగా ఉంటాడు, చెట్టు మాత్రం మరిచిపోవాలి. ఏదైనా ఒకటే, తర్వాత మార్చడం కుదరదు.

స్వరూప కత్తిపీట అవతలికి నెట్టేసింది. మంచిగున్న మనిషిని గూనివాణ్ని చేస్తానంటే వినడానికి రమ్మన్నానా అని ఇందుమతిని నిలదీసింది. మొగుడి మీదికి తిరిగింది. చెట్లు తను ఎక్కుతూనే ఉంది, ఇల్లు నడుస్తూనే ఉంది, ఇంకేం కావాలట? నిటారుగా నిలబెట్టించుకుని ఆ కిరాణా దుకాణమేదో నిజంగానే పెట్టుకోమంది. ఆమె మాటల్లో కోపం కంటే భయం ఎక్కువుంది. మొగుడు పడ్డ చప్పుడు విన్నది ఆమే.

ఓదెలు అన్నీ విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “ఇరవై రెండేండ్లు పొద్దు పొడుసుడు నేను పైనుంచి చూసిన స్వరూపా. ఊరు లేవకముందే ఊరంత కనపడేది. నిటారుగ నిలబడి అంగట్ల జోకుకుంట కూసుంటె నాకు పానం ఒప్పది. నడుం వంగితె వంగనియ్యి. నేను ఎవ్వని ముందట వంగుతలేను.”

స్వరూప మళ్లీ పీట దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చెక్కు తీసింది. సమ్మయ్య కూడా వంగే నడుస్తాడు, వాని పెండ్లాం ఏమన్న వదిలేసిందా అంది, ఎవరితోనో అన్నట్టు.

* * *

బోర్డు హైదరాబాదులో. ఓదెలు కుర్చీని తోసుకుంటూ సమ్మయ్య వచ్చాడు, స్వరూప వచ్చింది, మొహియుద్దీన్ వచ్చాడు. బోర్డు ఛైర్మన్ చెడ్డవాడేమీ కాదు. ఒకప్పుడు స్క్రూలు ఊడి మంచాన పడ్డవాళ్లను వందల్లో చూసి, అలాంటిది మళ్లీ జరగకూడదని ఈ చట్టం రాయించిన మనిషి. ఇందుమతి చెప్పినదంతా ఓపికగా విన్నాడు. విని, పదముగ్గురి గేజీలను బట్టి జంటను మార్చానంటున్నారు కదా, ఆ పదముగ్గురి పేర్లు ఇవ్వండన్నాడు.

ఇవ్వనంది ఇందుమతి. ఇస్తే వాళ్లకు వైద్యం ఆగిపోతుంది. ముందు ఆ నియమం తీసేస్తే ఇస్తానంది. ఛైర్మన్ నవ్వాడు. పేరు లేని వెన్ను, మనిషి లేని గేజీ, వీటిని నమ్మి ఒక రోగిని కావాలని వంకరగా అతికించడానికి అనుమతివ్వాలా అన్నాడు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగానంటే లోకం నమ్మదండీ అని సామెత కూడా ఒకటి విసిరాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ కుర్చీ వెనక సమ్మయ్య నడుం వంచుకుని, అయిదేళ్లుగా విరగని ఆ వెన్నుతోనే నిలబడి ఉన్నాడు. ఛైర్మన్ చూపు అతని మీదికి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ ఆగకుండా వెళ్లిపోయింది.

సమ్మయ్య నోరు తెరవబోయాడు. ఓదెలు చేయి వెనక్కి చాపి అతని మణికట్టు పట్టుకున్నాడు.

“పదముగ్గురి పేర్లెందుకు సారూ,” అన్నాడు. “నా పేరు రాసుకో. బొమ్మగాని ఓదెలు, ఈతలకుంట. నేను చెట్టెక్కుత అని ముందుగాల్నే చెప్తున్న, దొంగతనంగ గాదు. వంచి ఏయమనుండ్రి. గేజీ పెట్టి దినాం చూడుండ్రి. ఇరిగింది అనుకో, నీ జంటనే గెలిసింది, నేను ఇప్పుడున్నట్టె పండుకుంట. ఇరగలేదనుకో, ఇంటికి తోలిన ఆ మూడు నూర్ల మందిని నువ్వే పిలువాలె.”

విరిగితే ఇప్పుడున్నట్టు కూడా ఉండకపోవచ్చని, కాళ్లు పూర్తిగా పోవచ్చని మొహియుద్దీన్ చెప్పాడు. అది దాచడం తన వల్ల కాదన్నాడు. ఓదెలు వెనక్కి తిరిగి స్వరూప మొహం చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, రాసుకొమ్మను అంది.

ఛైర్మన్ ఇందుమతి వైపు తిరిగాడు. గేజీ అంకె ఎర్రగీత, అంటే ప్రమాదపు హద్దు, దాటి స్క్రూ కదిలిందో, ఆ రోజే ప్రయోగశాలకు తాళం పడుతుందని, తొమ్మిదేళ్ల పని మూటగట్టుకోవాల్సిందేనని చెప్పాడు. సంతకం పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఇందుమతి ఆలోచించలేదు. ఆయన జేబులోని కలమే అడిగి తీసుకుని సంతకం పెట్టింది.

* * *

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. పన్నెండు డిగ్రీల కోణం మొహియుద్దీన్ మూడుసార్లు కొలిచాడు. జీవితంలో మొదటిసారి కావాలని వంకరగా బిగిస్తున్నానని, చేయి మాట వినడం లేదని విసుక్కున్నాడట.

నాలుగో నెలలో ఓదెలు లేచి నడిచాడు. వంగే నడిచాడు. ఊళ్లో పిల్లలు వెనక నడుస్తూ అతని నడకను అనుకరించారు. పెళ్లిళ్లలో పెద్దలు అయ్యో అన్నారు. చావడి దాకా పోయి రావడానికి మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. ఒకనాడు అద్దంలో తనను తాను పక్కనుంచి చూసుకుని, ఆ అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. ఇందుమతి ఫోన్ చేస్తే బాధగా ఉన్నమాట నిజమేనని, పశ్చాత్తాపం మాత్రం లేదని చెప్పాడు. నిజం చెప్పినందుకు బాధను దాచకుండా చెప్పే వీలు ఉందతనికి.

ఎనిమిదో నెలలో ఎముక పూర్తిగా అతికింది. ఓదెలు చెట్టెక్కే రోజున ఇందుమతి పలక పట్టుకుని తాళ్లవనానికి వెళ్లేసరికి మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటున్నారు. చెట్లన్నీ ఇక తనవేనని ఓదెలు, ఏం కాదని స్వరూప. రెండేళ్లకు పైగా ఎక్కి కాళ్లు చేతులు కాయలు కాయించుకున్నది దిగిపోవడానికి కాదంది. తూర్పు పక్కవి ఎనిమిది తనవి, పడమటివి ఏడు అతనివి, ఇష్టమైతే ఎక్కు లేకపోతే చూస్తూ కూర్చో అంది. ఓదెలు ఇందుమతికేసి చూసి, చెప్పు మేడం అన్నాడు. అది తన లెక్కల్లోకి రాదంది ఇందుమతి.

ఓదెలు చెట్టుకు చేయి తాకించి కళ్లకు అద్దుకున్నాడు. గేజీని చదివే పరికరం వీపుకు కట్టించుకుని, మోకు తిప్పి వేసుకున్నాడు. మొదటి మూర ఎక్కడానికి చాలాసేపు పట్టింది. తర్వాత పాదాలకు పాత సంగతి గుర్తొచ్చినట్టుంది, మూర తర్వాత మూర పైకి వెళ్లిపోయాడు. మట్టల కిందికి చేరి, మోకులో వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేశాడు. నేల మీద వంకరగా కనిపించే ఆ వెన్ను అక్కడ ఎక్కడా వంకరగా లేదు. చెట్టుకూ మోకుకూ మధ్య సరిగ్గా సరిపోయింది. పక్క చెట్టు మీంచి స్వరూప ఏదో అరిచింది, గెల మందంగా కోస్తున్నావనో ఏదో. అతను నవ్వడం కిందికి వినిపించింది.

పలక మీద గేజీ అంకె ఎర్రగీత దాటింది. ఇందుమతికి తెలుసు, ఆ గీత పాతది, కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం తను గీసినది; ఈ బరువు కొత్త జంట ముందే చెప్పిందే. హైదరాబాదులో ఛైర్మన్ గదిలో కూడా ఆ అంకె అదే క్షణంలో ఎర్రబడి ఉండాలి. ఫోన్ మోగింది. ఛైర్మన్ గొంతులో నిజంగానే కంగారు ఉంది. గీత దాటిందని, ఇది తన ఆజ్ఞ అనుకోమని, వెంటనే ఆ మనిషిని కిందికి దింపమని అన్నాడు.

ఇందుమతి తలెత్తి చూసింది. పైన కత్తి ఆడుతోంది, సన్నటి పొరలు ఒక్కొక్కటే రాలి ఆమె కాళ్ల దగ్గర పడుతున్నాయి.

“ఎక్కించింది నేను గాదు సార్, దింపడానికి,” అంది. “పని మీదున్నడు. అయిపోయినంక ఆయనే దిగుతడు.”